మెగావాట్ బిగించిన వైరు

“మీ అన్నయ్య చేతికా ఇచ్చొచ్చావు? ఈ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు? ఆయన మనింట్లో ఒక్క బల్బు మారిస్తే మూడు ఫ్యాన్లు తిరగడం మానేశాయి, మర్చిపోయావా?”

“మర్చిపోలేదండీ. కానీ ఇది ఉత్త వైరే కదా అని...”

“ఉత్త వైరా! ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ వచ్చే వారం సెలవు నుంచి వచ్చేస్తాడు, ఆగు అన్నానా? అన్నానా లేదా?”

మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలైన గొడవ, టైలరమ్మ చెప్పులేసుకుని గుమ్మం దాటేదాకా సాగింది. దాటాక కూడా మొగుడి గొంతు వెనకాలే వచ్చింది. “సరే, ఎలాగూ ఇచ్చావు కాబట్టి నాలుగింటికల్లా తెచ్చెయ్! ఇవాళ నేనే పెడతా ప్లగ్గు. నా చేత్తోనే!”

ఆ ఆఖరి ముక్క వినగానే ఆమె కాళ్ళు ఓ క్షణం ఆగిపోయాయి. ఎందుకంటే ఆ మనిషి స్విచ్చి మీద చెయ్యి వేసి ఏడాది అయింది. ఫ్యాక్టరీలో లేత్ మిషను దగ్గర షాకు కొట్టి, రెండు చేతులూ పట్టేసుకుని, పక్కవాడు చెక్కతో కొడితే గానీ ఊడిరాలేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులు. పంపించేటప్పుడు డాక్టరు ఆమెని పక్కకి పిలిచి చెప్పింది ఒకటే మాట: “ఇంకో షాకు తగిలితే ఆయన గుండె తట్టుకోదమ్మా.” అప్పట్నుంచి ఆయన ఉద్యోగానికి వెళ్ళడం లేదు. ఇంట్లో లైటు వెయ్యాలన్నా ఆమె బట్టలు కొలిచే చెక్క స్కేలు తెచ్చి, దూరంగా నిలబడి, దాని కొసతో నొక్కుతాడు. నవ్వొస్తుంది చూస్తే. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు.

అలాంటి మనిషి నెలన్నర కిందట అటక మీంచి వాళ్ళ నాన్న బొమ్మరైలు దింపాడు. ముందుగది నేల మీద పట్టాలు పరిచాడు. మంచం కింద నుంచి, బీరువా పక్క నుంచి, ఆమె కుట్టుమిషను కాళ్ళ మధ్య నుంచి. ఇంజనుకి నూనె వేశాడు, పెట్టెల చక్రాలు తుడిచాడు. అంతా సిద్ధమయ్యాక చూస్తే, రైలుకి కరెంటిచ్చే ఆకుపచ్చ ఇనప పెట్టెకి వైరు చెడిపోయింది. ఆయనకంటే వయసులో పెద్దదా పెట్టె. వైరు మీద గుడ్డ తొడుగు, లోపల రబ్బరు. వేలు పెట్టి వంచితే పొడిపొడిగా రాలింది. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వారం ఆగుదాం అన్నాడు ఆయన. వారంలో ఈ ఉత్సాహం కాస్తా చల్లారిపోతే? మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటే? ఆ భయంతోనే ఆమె మొన్న పెట్టెని సంచిలో వేసుకుని, రెండు వీధుల అవతల కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి వైండింగ్ చేసే అన్నయ్య దగ్గర పెట్టొచ్చింది.

అన్నయ్యని జనం మెగావాట్ అంటారు. కరెంటు పని చేస్తాడని కాదు, నోరు విప్పితే అంత పవరని. ఆమె వెళ్ళేసరికి ఆయన కొట్లో లేడు. పక్కన టీకొట్టు బెంచీ మీద, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పుకుని, చంటిపిల్లని ఆడిస్తున్నట్టు కూర్చున్నాడు. చుట్టూ సెలూన్ అతను, లారీ డ్రైవరు. టీకొట్టు పెద్దాయన స్టవ్వు వెనకాల. మూడు దాటి ఇరవై నిమిషాలైంది.

“అయిపోయిందా అన్నయ్యా?”

“అయిపోవడమా! చెల్లీ, ముందు కూర్చో. పెద్దాయనా, మా చెల్లికో టీ.”

“టీ వద్దు, పెట్టె ఇచ్చెయ్. ఆయన చూస్తుంటారు.”

“ఇస్తా, ఇస్తా. కానీ ఏం చేశానో తెలియకుండా తీసుకెళ్తే రేపు బావ అడిగితే ఏం చెప్తావు?”

అది నిజమే కదా అనిపించింది ఆమెకి. ఆయన కచ్చితంగా అడుగుతాడు. పెట్టె ఒంటికి ఎర్త్ బిగించాడా లేదా అని బయల్దేరేటప్పుడు రెండుసార్లు అడగమన్నాడు కూడా. అది ఇనప పెట్టె. రైలు జోరు పెంచే మీట తిప్పాలంటే దాని మీద చెయ్యి ఆనించాల్సిందే. లోపల ఎక్కడైనా తేడా వచ్చి పెట్టెకి కరెంటు పాకితే, దాన్ని భూమిలోకి లాగేసే ఎర్త్ ఉంటే బతుకుతాడు, లేకపోతే లేదు. ఆమె బెంచీ కొసన కూర్చుంది, సగం.

“ఏం లేదు చెల్లీ, ఇరవై నిమిషాల పని అసలు. నిన్న పొద్దున కొట్టు తీశాను, పెట్టె ముందేసుకున్నాను, పాత వైరు కత్తిరించాను, కొత్త వైరు రెండు మీటర్లు కోశాను. మూడు తీగల వైరు, మామూలుది కాదు. అంతే.”

“అంతేనా?” అంది ఆమె ఆశగా. అంతే అయితే ఎంత బాగుణ్ణు!

“అంతే అనుకున్నా! కానీ వెనక రేకుకి నాలుగు స్క్రూలున్నాయి చూడు, మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోది రాదే! యాభై ఏళ్ళ తుప్పు. స్క్రూడ్రైవరు పెడితే స్క్రూడ్రైవరు వంగింది. సుత్తితో కొడితే సుత్తి కర్ర విరిగింది. అప్పుడేం చేశానో తెలుసా?”

“ఏం చేశావు గురూ?” అన్నాడు లారీ డ్రైవరు, బీడీ ఆర్పేసి మరీ.

“దాని ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నా. రెప్ప వెయ్యకుండా చూశా. పదింటి నుంచి పన్నెండు దాకా చూశా. పన్నెండు కొట్టేసరికి దానికి సిగ్గేసి, దానంతటదే తిరిగి తిరిగి ఊడి నా అరచేతిలో పడింది.”

అందరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. నాలుగో స్క్రూ రాలేదన్నమాట, అనుకుంది. రాకపోతే రేకు మొత్తం తీశాడా, లేక ఓ పక్కకి వంచి సందులోంచి పని కానిచ్చాడా?

“అన్నయ్యా, ఎర్త్ వైరు...”

“వస్తున్నా, అక్కడికే వస్తున్నా. లోపల చూద్దును కదా, పాత తీగలు మూడూ మూడు రంగులు. నేను చటుక్కున కొత్త తీగలు బిగించి పారేశా. బిగించి, ఈ చేత్తో ప్లగ్గు పెట్టా. ఈ చేత్తో ఇంకో వైరు ముక్క పట్టుకుని ఉన్నానన్న సంగతే మర్చిపోయా! ఇక చూస్కోండి, రెండొందల ముప్ఫై వోల్టులు ఈ చేతిలోంచి దూరి ఆ చేతిలోంచి బయటికి. ఇంకొకడైతే బూడిదే మిగిలేది. నాకు చక్కిలిగిలి పెట్టినట్టు అనిపించింది, అంతే. కిసుక్కున నవ్వా కూడా. కరెంటు కూడా ‘అరెరె, మెగావాట్ గారా, చూసుకోలేదండీ’ అని వెనక్కి తగ్గబోయింది. ఎక్కడికే పోతావు, వచ్చిందానివి కాస్త పని చేసి పో అని నేనే పట్టుకున్నా. పట్టుకున్నానా, కొట్లో కాలిపోయి పడున్న మోటార్లు పదకొండు, వైండింగ్ కూడా చెయ్యలేదు వాటికి, పదకొండూ ఒక్కసారిగా గిర్రున తిరగడం మొదలుపెట్టాయి!”

“మరి నా డ్రయ్యరేం పాపం చేసింది? మూణ్ణెల్లుగా నీ దగ్గరే ఉందిగా?” అన్నాడు సెలూన్ అతను.

“అది తిరగలేదు. దానికి పొగరు.”

బెంచీ అంతా ఊగిపోయింది నవ్వులతో. టైలరమ్మకి మాత్రం చక్కిలిగిలి అన్న దగ్గరే మనసు ఆగిపోయింది. అలా ఉండదు కరెంటు. షాకు కొట్టడం ఆమె కళ్ళతో చూడలేదు గానీ, ఆసుపత్రి మంచం మీద మొగుడి అరచేతులు చూసింది. గుండ్రంగా, నల్లగా, నాణెమంత మచ్చలు. ఇప్పటికీ నిద్రలో ఆ మనిషి వేళ్ళు ఒక్కోసారి ఠక్కున బిగుసుకుంటాయి. ఆమె లేచి, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పి, మళ్ళీ పడుకుంటుంది.

“అన్నయ్యా, నేను అడిగింది ఎర్త్ సంగతి. పెట్టెకి ఎర్త్ బిగించావా?”

“అమ్మాయ్, ఎర్త్ గురించి నువ్వు నన్ను అడుగుతున్నావా? నా అంత ఎర్త్ ఇచ్చినవాడు లేడు! బావ కోసం కదా, మామూలు ఎర్త్ సరిపోదని, కొట్టు వెనకాల భూమిలోకి కొత్తగా రాడ్డు దింపా. నాలుగడుగులు దిగింది, ఎనిమిది దిగింది, నలభై దిగింది. నలభై రెండో అడుగులో బుస్సుమని నీళ్ళు పడ్డాయి! ఎన్ని బోర్లు వేసినా చుక్క పడని చోటు అది. ఆ వెనకింటి ముసలమ్మ బిందెలు పట్టుకొచ్చేసింది. రెండు బిందెలు నింపుకుని, మూడోది పట్టుకుంటుంటే ఆ ధారలో చేపలు కూడా...”

“చేపలు సరే,” అంది టైలరమ్మ, “పెట్టెకి బిగించావా?”

“బిగించకుండా ఉంటానా!”

ఆ మాట ఎలా అన్నాడో ఆమె చెవులు రిక్కించి విన్నది. అవును అనలేదు. బిగించా అనలేదు. బిగించకుండా ఉంటానా అన్నాడు. చిన్నప్పుడు అమ్మ అడిగితే కూడా ఇలాగే అనేవాడు. స్కూలుకి వెళ్ళావారా? వెళ్ళకుండా ఉంటానా! ఆ రోజుల్లో చెరువు బురద మోకాళ్ళదాకా ఉండేది అన్నయ్యకి.

మూడూ నలభై. ఆమె పెట్టె మీదికి చెయ్యి చాచింది. మెగావాట్ తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

“అసలు కథ ఇప్పుడే మొదలవుతుంటే లేస్తావేంటి? పెట్టె బాగైందో లేదో పరీక్ష చెయ్యాలా వద్దా? చెయ్యాలి కదా! రైలింజను మీ ఇంట్లో ఉండిపోయింది. మరి దేంతో చెయ్యను? ఆలోచించా. రైలుకిచ్చే కరెంటు రైలు మీదే కదా పరీక్షించాలి అని, పెట్టె చంకలో పెట్టుకుని తిన్నగా స్టేషనుకి వెళ్ళిపోయా!”

“నిన్నేనా?” అన్నాడు పెద్దాయన, టీ వడకడుతూ.

“నిన్నే, మధ్యాహ్నం. వెళ్తే ఏముంది, ఇరవై రెండు పెట్టెల రైలు ప్లాట్‌ఫారం మీద చచ్చి పడుంది. ఇంజను ఫెయిలు. స్టేషను మాస్టరు జెండా నమిలేస్తున్నాడు కంగారుతో. ‘కొంచెం పక్కకి జరగండి సార్’ అన్నా. పెట్టెలోంచి రెండు వైర్లు తీసి, అటు పట్టాకొకటి ఇటు పట్టాకొకటి తగిలించా. మీట ఒక్క గీత తిప్పా. ఒక్కటే! కూ అని రైలు కదిలింది. రెండో గీత తిప్పా. చెట్లు కనపడటం మానేశాయి, ఉత్త ఆకుపచ్చ రంగు కనిపించిందట కిటికీల్లోంచి. మూడో గీత తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పు, చెప్పు.”

“రైలు ఎంత జోరుగా పోయిందంటే, చేరాల్సిన ఊరికి ముందురోజే చేరిపోయింది! అక్కడ టీసీ జనాన్ని దిగనివ్వడే! టికెట్ మీద తేదీ రేపటిది, ఇవాళ ఎలా దిగుతారు అంటాడు. తెల్లారేదాకా పెట్టెల్లోనే కూర్చోబెట్టాడు అందర్నీ. అందులో ఒకాయన బాత్రూంకని చెప్పి దిగితే, ఎదురుగా ఎవరొచ్చారనుకున్నారు? ఆయనే! ఆ రైలెక్కి ఇటు రావడానికి సూటుకేసు మోసుకుని వస్తున్నాడు. దిగే ఆయన ఎక్కే ఆయన చెయ్యి పట్టుకుని, ‘వెళ్ళకు గురూ, పనేం కాలేదు’ అని చెప్పి వెనక్కి తీసుకెళ్ళిపోయాడట ఇంటికి. ఇప్పుడు వాళ్ళావిడకి ఇద్దరికి వండి పెట్టలేక...”

సెలూన్ అతను కళ్ళు తుడుచుకుంటున్నాడు. లారీ డ్రైవరు బెంచీ మీద దబదబా కొడుతున్నాడు. నవ్వు కాస్త తగ్గాక పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, చాలా మామూలుగా అన్నాడు.

“అంతా బాగుంది గానీ నాయనా, లైను పనులని నిన్న పొద్దున్నుంచి రాత్రి ఎనిమిదింటిదాకా ఈ వీధికి కరెంటే లేదు కదా. ఇవాళ నువ్వు కొట్టు తెరిచిందే ఇందాక. మరి ఆ పెట్టెని ఎప్పుడు పెట్టి చూశావు?”

టీకొట్టు పేలిపోయింది నవ్వులతో. “అబ్బ, కొట్టావు పెద్దాయనా!” “మెగావాట్‌కి ఫ్యూజు పోయింది!” “అన్న ఎంతదాకా వెళ్తాడో చూద్దామని మేమూ ఊరుకున్నాం!” మెగావాట్ కూడా వాళ్ళతో పాటు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగా చెల్లెలి మొహం కనిపించింది.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ వీధి లైను వేరు. నిన్న కరెంటు పోయిన సంగతే ఆమెకి తెలియదు. ఇప్పుడు ఒక్కటే తెలిసింది: ఈ పెట్టెని ఇంతవరకూ ఎవరూ ప్లగ్గులో పెట్టి చూడలేదు. మొట్టమొదట పెట్టబోయేది ఆయన. మీట మీద మొట్టమొదట పడేది ఆ చెయ్యే.

“ఇప్పుడు కరెంటుంది కదా,” అంది. “ఇక్కడే పెట్టు. నా ముందు.”

“పెడతా, దానికేం!” మెగావాట్ లేచాడు. టీకొట్టు గోడకున్న బోర్డులో ప్లగ్గు గుచ్చి, స్విచ్చి నొక్కి, అందరివైపూ ఒకసారి చూసి, మీట మీదికి చెయ్యి చాచాడు.

“ఆగు! టెస్టరు పెట్టు ముందు.”

“టెస్టరెందుకే, నేను...”

“టెస్టరు పెట్టు అన్నయ్యా!”

ఆ కేకకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. మీటకి వేలెడు దూరంలో ఆగింది ఆయన చెయ్యి. జేబులోంచి టెస్టరు తీసి, దాని మొన ఆకుపచ్చ పెట్టెకి ఆనించాడు.

వెలిగింది. చిన్న బల్బు, ఎర్రగా, నిండుగా, ఏ అనుమానానికీ చోటు లేకుండా వెలిగింది.

ఎవరూ నవ్వలేదు. స్టవ్వు మీద పాలు పొంగి మంట మీద పడుతుంటే పెద్దాయన అటు చూడను కూడా చూడలేదు. మెగావాట్ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేసి, బెంచీ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి కళ్ళజోడు పెట్టుకుని రేకు విప్పడం మొదలుపెట్టాడు. మూడు స్క్రూలు. నాలుగో చోట అసలు స్క్రూయే లేదు, ఉత్త కన్నం.

లోపల కొత్త ఎర్ర తీగ తిన్నగా వెళ్ళి పెట్టె ఒంటికే బిగించి ఉంది.

“ఇదేంటన్నయ్యా?”

“మన దగ్గర ఎర్ర తీగలో కరెంటొస్తుంది,” అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. “ముప్ఫై ఏళ్ళుగా నాకు ఎర్రంటే కరెంటే. ఈ పెట్టె పరాయి దేశంలో చేసింది, వాళ్ళు ఎర్రదాన్ని ఎర్త్‌కి వాడారు. నేను చూసుకోలేదు. ఎర్ర తీగ తీసి ఆ చోట ఎర్ర తీగే పెట్టేశా. కరెంటు తిన్నగా పెట్టె ఒంటికిచ్చేశా.” కాస్త ఆగాడు. “కరెంటు లేని కొట్లో, చీకట్లో చేశా. రేకు కూడా పూర్తిగా తియ్యలేదు.”

ఆ తర్వాత పావుగంట మెగావాట్ పెట్టె మీదే వంగి పని చేశాడు. ఎర్త్‌కిచ్చే పచ్చ తీగని తెచ్చి పెట్టె ఒంటికి, తుప్పు గీకి మరీ బిగించాడు. ఎర్ర, నల్ల తీగలు వాటి వాటి చోట్లకి మార్చాడు. వైరు లాగితే లోపలి బిగింపు ఊడకుండా రేకు లోపల ముడి వేశాడు. పక్కనే ఉన్న తన కొట్లోంచి మీటరు తెచ్చి చూశాడు. లారీ డ్రైవరు చెప్పకుండానే వెళ్ళి డాష్‌బోర్డు బల్బొకటి పీక్కొచ్చాడు. ప్లగ్గు పెట్టారు. టెస్టరు పెట్టెకి ఆనిస్తే వెలగలేదు. టెస్టరే పాడైందేమో అని బోర్డులో పెట్టి చూశారు, వెలిగింది. మళ్ళీ పెట్టెకి. వెలగలేదు. రైలు వైర్లకి బల్బు తగిలించి మీట తిప్పితే, బల్బు మెల్లగా పెరిగింది, మెల్లగా తగ్గింది. మీట తిప్పింది మెగావాట్ చెయ్యే.

సరిగ్గా అప్పుడు ఆమె ఫోను మోగింది. నాలుగూ పది.

“ఎక్కడున్నావు? ఏంటింత ఆలస్యం?” అన్నాడు మొగుడు. కోపంగా లేదు గొంతు, చిన్నపిల్లాడిలా ఉంది. “నేను చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని కూర్చున్నా. స్కేలు కూడా లోపల పెట్టేశా. మీ అన్నయ్య సరిగ్గానే చేశాడా? నేను పెట్టొచ్చా ప్లగ్గు? ఒక్క మాట చెప్పు.”

ఆమె అన్నయ్య వైపు చూసింది. ఆయన పెట్టెని రెండు చేతులతో ఆమె ముందుకు చాపి, చాలా చిన్నగా అన్నాడు.

“ఇప్పుడు బాగుంది.”

రెండు మాటలు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోటి వెంట అంత చిన్న వాక్యం ఆమె ఎన్నడూ వినలేదు. అన్నయ్య పది చెప్తే అందులో ఒకటి నిజమని ఏరుకోవడం ఆమెకి అలవాటు. ఇవాళ ఆయన చెప్పిందే ఒకటి. అందులోంచి ఎంతని ఏరుకోవాలి? జరిగింది జరిగినట్టు చెప్తే ఆ చెక్క స్కేలు మళ్ళీ బయటికొస్తుంది, ఇక జన్మలో లోపలికి పోదు. చెప్పకపోతే, ఆ అరచెయ్యి ఇంకో పావుగంటలో ఆ ఇనుము మీద పడుతుంది. ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది, ఎదురుచూస్తూ.

ఆ ఒక్క మాట, మీరైతే ఏం చెప్తారు?